పరిణామం: ఒక శాస్త్రపదం, దాని అర్థాల చరిత్ర

జీవశాస్త్రంలో పరిణామం అనే మాటకు నేటి పాఠ్యపుస్తకాలు చెప్పే నిర్వచనం పుట్టి ఇంకా నూరేళ్లు నిండలేదు. మాట మాత్రం చాలా పాతది. ఇంగ్లిషులో దీనికి వాడే 'ఎవల్యూషన్' అన్న పదం దాదాపు మూడు శతాబ్దాల్లో ఒకదానితో ఒకటి పొసగని అర్థాలను మోసుకొచ్చింది. లోపల ముందే ఉన్నది బయటపడడం అన్నది మొదటి అర్థం. తక్కువ స్థాయి నుంచి ఎక్కువ స్థాయికి ఎదగడం అన్నది తర్వాత వచ్చింది. ఆ పైన గమ్యమంటూ లేకుండా కొమ్మలు కొమ్మలుగా విడిపోయే మార్పు అయింది. చివరికి, ఒక జనాభాలో జన్యురూపాల పాళ్లు తరతరానికీ మారడం అన్న నిర్వచనం దగ్గరికి చేరింది. కొత్త అర్థం వచ్చినప్పుడల్లా పాతది తొలగిపోలేదు. మాటలోనే దాగి ఉండిపోయింది. పరిణామం మీద నేటికీ జరుగుతున్న వాదాల్లో చాలా వాటి వేళ్లు అక్కడే ఉన్నాయి.

లాటిన్‌లో ఈ పదానికి మూలార్థం చుట్టిన గ్రంథాన్ని విప్పడం. 17వ శతాబ్దంలో సూక్ష్మదర్శిని చేతికొచ్చాక ఐరోపా ప్రకృతి పరిశోధకులను వేధించిన ప్రశ్న ఒకటుంది: పిండంలో అవయవాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? జీవి పూర్తి ఆకారంతో, కంటికి ఆననంత చిన్న రూపంలో అండంలోనో శుక్రకణంలోనో ముందే ఉంటుందనీ, గర్భంలో అది విప్పుకుని పెద్దదవుతుందనీ వారిలో చాలామంది నమ్మారు. డచ్చి పరిశోధకుడు నికొలాస్ హార్ట్‌సోకర్ 1694లో అచ్చువేసిన ఒక బొమ్మలో, శుక్రకణం తలలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న బుల్లి మనిషి కనిపిస్తాడు. జెనీవాకు చెందిన షార్ల్ బోనే, మగపురుగు పొత్తు లేకుండానే పేనుబంక ఆడపురుగు పిల్లల్ని పెట్టడం గమనించి, ఈ నమ్మకాన్ని ఇంకా దూరం లాక్కెళ్లాడు. మొట్టమొదటి తల్లిలోనే రాబోయే తరాలన్నీ ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నాయన్నాడు. ఇలా విప్పుకోవడానికే 1744లో అల్‌బ్రెక్ట్ ఫాన్ హాలర్ 'ఎవల్యూషన్' అన్న పేరు వాడాడు. అంటే, ఈ పదం జీవశాస్త్రంలో అడుగుపెట్టిన రోజున దాని సారాంశం ఏ కొత్తదీ పుట్టదని. నేటి అర్థానికి ఇది పూర్తిగా ఎదురు.

1759లో కాస్పర్ ఫ్రీడ్రిష్ వోల్ఫ్ అనే యువ వైద్యుడు పొదిగిన కోడిగుడ్లలోని పిండాన్ని రోజుల వారీగా పరిశీలించి, రక్తనాళాలు ముందుగా ఉండవనీ, లేని చోట కొత్తగా ఏర్పడతాయనీ వాదించాడు. హాలర్ ఒప్పుకోలేదు. వారిద్దరి వాదం ఏళ్ల తరబడి సాగింది. చివరికి వోల్ఫ్ వైపే మొగ్గు కనిపించింది, బుల్లి మనిషి కథ వెనకబడింది. 'ఎవల్యూషన్' అన్న మాట మాత్రం పిండాభివృద్ధికి పేరుగా మిగిలింది. దానితోపాటు, ముందే నిర్ణయమైన క్రమంలో ఒక్కో దశ దాటుకుంటూ పోవడం అన్న ఛాయ కూడా మిగిలిపోయింది.

తెలుగు పాఠ్యపుస్తకాలు ఎంచుకున్న 'పరిణామం' అనే సంస్కృత పదానికీ ఇలాంటి గతమే ఉండడం విశేషం. సాంఖ్యదర్శనంలో పరిణామవాదం ప్రసిద్ధమైనది. కార్యం కారణంలో ముందే ఉంటుందనీ, పాలలో ఉన్నదే పెరుగై కనిపిస్తుందనీ, ప్రకృతి నుంచి మహత్తు, అహంకారం మొదలైన తత్త్వాలు వరసగా వెలువడతాయనీ ఆ దర్శనం చెబుతుంది. ఇక వాడుక తెలుగులో పరిణామం అంటే పర్యవసానం కూడా. పత్రికల్లో 'తీవ్ర పరిణామాలు' అనే మాట రాని రోజుండదు. 'జీవపరిణామం' అని విశేషణం చేర్చి పాఠ్యపుస్తకాలు తేడా చూపిస్తాయి కానీ, లోపలున్నదే బయటపడుతుందన్న భావన, చివరికి ఏదో ఒక ఫలితం తేలుతుందన్న భావన రెండూ ఆ మాటను అంటిపెట్టుకునే ఉంటాయి. తెలుగు విద్యార్థి ఇంగ్లిషు విద్యార్థి కంటే ఈ విషయంలో కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండక తప్పదు.

ఒక జాతి మరో జాతిగా మారడం అన్న అర్థంలో ఈ పదాన్ని తొలిసారిగా వాడినవారిలో భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయెల్ ఒకరు. అది 1832లో. అప్పటికి ఆయన అలాంటి మార్పును నమ్మినవాడు కాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ వాదాన్ని ఖండించడానికి వివరిస్తూ వాడాడు. మాటను జనంలోకి తెచ్చింది హెర్బర్ట్ స్పెన్సర్. రైల్వే ఇంజనీరుగా జీవితం మొదలుపెట్టి పాత్రికేయుడై, తత్త్వవేత్తగా పేరు తెచ్చుకున్న స్పెన్సర్ 1850లలో రాసిన వ్యాసాల్లోనూ, 1862 నాటి గ్రంథంలోనూ పరిణామాన్ని విశ్వమంతటికీ వర్తించే ఒకే నియమంగా ప్రతిపాదించాడు. సరళమైనది సంక్లిష్టమవుతుంది, ఏకరూపమైనది బహురూపమవుతుంది. నక్షత్రాలు, జీవులు, భాషలు, ప్రభుత్వాలు, వ్యాపారాలు అన్నీ ఇదే దారిన నడుస్తాయి. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీలూ రైళ్లూ పెరుగుతుంటే, అభివృద్ధే ప్రకృతి నియమం అన్న మాట చెవులకు ఎంత ఇంపుగా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. పరిణామానికీ ప్రగతికీ ముడిపడింది అప్పుడే. ఆ ముడి నేటికీ పూర్తిగా విడలేదు.

చార్లెస్ డార్విన్ ఈ పదానికి దూరంగా ఉన్నాడంటే చాలామంది ఆశ్చర్యపోతారు. 1859 నవంబరులో వెలువడిన 'జాతుల ఉత్పత్తి' తొలి ముద్రణలో 'ఎవల్యూషన్' అన్న నామవాచకం ఎక్కడా లేదు. దాని క్రియారూపం ఒక్కసారే, అదీ పుస్తకంలో ఆఖరి మాటగా వస్తుంది. తన సిద్ధాంతానికి ఆయన పెట్టుకున్న పేరుకు అర్థం మార్పులతో కూడిన వంశక్రమం. ఈ దూరానికి కారణం ఆయన స్వయంగా చెప్పలేదు గానీ, చరిత్రకారులు రెండింటిని చూపిస్తారు. పిండశాస్త్రంలోని పాత అర్థం ఇంకా చెలామణీలో ఉంది. స్పెన్సర్ అర్థంలోని ప్రగతి ఆయన సిద్ధాంతంలో తప్పనిసరి కాదు. రాబర్ట్ ఛేంబర్స్ 1844లో పేరు వేసుకోకుండా ప్రచురించిన పుస్తకాన్ని చదువుతూ, జీవుల విషయంలో ఎక్కువ, తక్కువ అన్న మాటలు వాడకూడదని డార్విన్ అంచులో రాసుకున్నాడు. ఆ నియమాన్ని ఆయనే అన్నిచోట్లా పాటించలేకపోయాడు. 1871లో మనిషి ఆవిర్భావం మీద రాసిన పుస్తకంలోనూ, 1872 నాటి 'జాతుల ఉత్పత్తి' ఆరో ముద్రణలోనూ 'ఎవల్యూషన్' చేరిపోయింది. అప్పటికి లోకమంతా ఆయన సిద్ధాంతాన్ని ఆ పేరుతోనే పిలుస్తోంది.

ఆ సిద్ధాంతంలో రెండు భాగాలున్నాయి. జీవులన్నీ ఉమ్మడి పూర్వీకుల నుంచి విడిపోతూ వచ్చాయన్నది ఒకటి. ఆ మార్పుకు ప్రధాన కారణం ప్రకృతి వరణం అన్నది రెండోది. పుట్టిన ప్రతి జీవీ బతకదు. ఒకే జాతి జీవుల్లో తేడాలుంటాయి. కొన్ని తేడాలు బతకడానికీ పిల్లల్ని కనడానికీ ఆ పరిసరాల్లో కాస్త అనుకూలిస్తాయి. అవి తర్వాతి తరానికి ఎక్కువ పాలుగా చేరతాయి. మొదటి భాగాన్ని శాస్త్రలోకం ఒకటి రెండు దశాబ్దాల్లోనే అంగీకరించింది. రెండోదాన్ని ఒప్పుకోవడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. 'పరిణామం' అనే ఒకే మాట జరిగిన చరిత్రకూ, దాని వెనకున్న కారణానికీ పేరుగా ఉండడం వల్ల ఈ రెండింటినీ జనం కలిపేసుకుంటారు. కారణం మీద శాస్త్రవేత్తలు వాదులాడుకుంటే, చరిత్రే తప్పని తేలిందని వార్తలు వస్తాయి.

'జాతుల ఉత్పత్తి'లో ఉన్నది ఒక్కటే చిత్రం, కొమ్మలుగా చీలిపోయే గీతల పటం. జనం మనసులో నిలిచిపోయింది మాత్రం వేరొక బొమ్మ. 1965లో వెలువడిన టైమ్-లైఫ్ పుస్తకం కోసం రుడాల్ఫ్ జాలింగర్ వేసిన చిత్రంలో, వంగి నడిచే వానరాల నుంచి నిటారుగా నడిచే మనిషి దాకా ఒకరి వెనక ఒకరు వరసగా నడుస్తుంటారు. వాణిజ్య ప్రకటనల్లో, చొక్కాల మీద, కార్టూన్లలో ఆ వరసకు లెక్కలేనన్ని నకళ్లు వచ్చాయి. పరిణామాన్ని అర్థం చేసుకోకుండా అడ్డుపడిన వాటిలో ఈ బొమ్మకే మొదటి స్థానం ఇవ్వాలి. కోతి మనిషిగా మారితే ఇంకా కోతులెందుకున్నాయన్న ప్రశ్న దీన్నుంచి పుట్టేదే. నేటి కోతి నేటి మనిషికి తాత కాదు. మనిషికీ చింపాంజీకీ ఉమ్మడి పూర్వీకులు సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందట ఉండేవారు. అక్కడి నుంచి రెండు కొమ్మలూ అంతే కాలంపాటు మారుతూ వచ్చాయి.

నిచ్చెన ఎక్కడం అనే భావనకు లొంగని జీవులు లోకంలో ఎన్నో ఉన్నాయి. కేరళలో కొట్టాయం ప్రాంతపు బావుల్లో కళ్లు లేని చేప ఒకటి దొరుకుతుంది. దాని పూర్వీకులకు చూపుండేది. వెలుగు చేరని భూగర్భ జలాల్లో కళ్ల వల్ల ప్రయోజనం లేదు. పాములు కాళ్లు పోగొట్టుకున్నాయి. బద్దెపురుగులు పేగులే లేకుండా బతుకుతున్నాయి. వీటిని తిరోగమనం అనడం స్పెన్సర్ లెక్క ప్రకారం చెల్లుతుంది, జీవశాస్త్రంలో చెల్లదు. ఉన్నది పోవడమూ పరిణామమే. ఇక మూడు వందల కోట్ల ఏళ్లకు పైగా భూమ్మీద సంఖ్యలో ఆధిక్యం బాక్టీరియాలదే. అవి ఎక్కడికీ ఎక్కలేదు.

నేటి నిర్వచనం 20వ శతాబ్దపు తొలి భాగంలో జరిగిన ఒక పెద్ద కలయిక నుంచి వచ్చింది. 1900లో మెండెల్ వంశపారంపర్య సూత్రాలు మళ్లీ వెలుగు చూసినప్పుడు, అవి డార్విన్‌కు వ్యతిరేకమని చాలామంది భావించారు. మెండెల్ బఠాణీల్లో తేడాలు పొట్టి, పొడుగు అని విడివిడిగా ఉంటాయి. డార్విన్ చెప్పిన మార్పు సన్నసన్నగా జరుగుతుంది. ఈ రెండింటికీ వైరం లేదని గణితంతో నిరూపించింది ముగ్గురు: రొనాల్డ్ ఫిషర్, సెవాల్ రైట్, జె.బి.ఎస్. హాల్డేన్. వారి ముఖ్య రచనలు 1930, 1931, 1932లలో వరసగా వచ్చాయి. 1937లో థియొడోసియస్ డొబ్‌జాన్‌స్కీ ఆ గణితాన్ని ఈగల మీది ప్రయోగాలతో జతచేసి, పరిణామం అంటే జనాభాల జన్యు కూర్పులో వచ్చే మార్పు అన్నాడు. 1942లో జూలియన్ హక్స్‌లీ తన పుస్తకంతో ఈ కలయికకు 'ఆధునిక సంశ్లేషణ' అన్న పేరు స్థిరపరిచాడు.

ఈ ముగ్గురిలో హాల్డేన్‌కు భారతదేశంతో గట్టి అనుబంధం ఉంది. 1957లో ఆయన లండన్ వదిలి కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరి, తర్వాత భారత పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ కలకత్తాలో ఆయన శిష్యుడు. లంటానా పొదల్లో రంగురంగుల పూలుంటాయి. కొన్ని రకాల సీతాకోకచిలుకలు ఒక రంగు పూలనే ఎంచుకుని వాలుతున్నాయని గమనించిన ఈ యువకుడు, ఆ అలవాటు వల్ల ఒకేచోట పెరిగే మొక్కలు సైతం క్రమంగా రెండు జాతులుగా విడిపోయే వీలుందని 1960లో 'నేచర్' పత్రికలో రాశాడు. పరిణామాన్ని చూడడానికి గాలపగోస్ దీవులకే వెళ్లనక్కర్లేదని, పెరట్లో పూలపొదను ఓపిగ్గా లెక్కపెడితే చాలని హాల్డేన్ బృందం పని చూపించింది. ఇలాంటి పని తెలుగు పాఠ్యపుస్తకాల్లోకి చేరితే బాగుండేది.

డొబ్‌జాన్‌స్కీ నిర్వచనం వల్ల కలిగిన మేలు, పరిణామం కొలవదగినది కావడం. ఇంగ్లండ్‌లోని పెప్పర్డ్ మాత్ అనే చిమ్మట దీనికి పేరుమోసిన ఉదాహరణ. తెల్లటి రెక్కల మీద నల్ల చుక్కలుండే ఈ పురుగు పాచి పట్టిన చెట్ల బెరడు మీద కనిపించకుండా కలిసిపోతుంది. 1848లో మాంచెస్టర్‌లో పూర్తిగా నల్లగా ఉన్న చిమ్మట ఒకటి దొరికింది. మిల్లుల పొగకు పాచి చచ్చి బెరళ్లు నల్లబడ్డాయి. 1895 నాటికి ఆ ప్రాంతపు చిమ్మటల్లో 98 శాతం నల్లవే. పక్షులు తెల్లవాటిని సులువుగా పట్టి తినడమే దీనికి కారణం. 1956 తర్వాత పొగను అదుపు చేసే చట్టాలు వచ్చాక లెక్క తలకిందులై, నల్లవి అరుదైపోయాయి. ఇందులో ఏ ఒక్క చిమ్మటా తన రంగు మార్చుకోలేదు. నల్లగా పుట్టినది నల్లగానే, తెల్లగా పుట్టినది తెల్లగానే చచ్చిపోయింది. మారినది వాటి పాళ్లు. పరిణమించేది జీవి కాదు, జనాభా. పాత అర్థానికీ కొత్త అర్థానికీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది. పోకెమాన్ ఆటలో బొమ్మ జంతువు ఒక్క క్షణంలో మరో రూపమెత్తితే దాన్ని 'ఎవల్యూషన్' అంటారు. పిల్లలకు ఆ మాట తొలిసారి పరిచయమయ్యేది చాలాసార్లు అక్కడే. అది హాలర్ నాటి అర్థం.

ఖగోళ శాస్త్రంలోనూ పాత అర్థమే చెలామణీలో ఉంది. నక్షత్ర పరిణామం అంటే ఒకే నక్షత్రం తన ద్రవ్యరాశిని బట్టి దాదాపు ముందే చెప్పదగిన దశలు దాటడం. సుమారు 460 కోట్ల ఏళ్ల వయసున్న సూర్యుడు మరో 500 కోట్ల ఏళ్లకు ఉబ్బి ఎర్రటి మహాతార అవుతాడని లెక్క కట్టగలరు. అక్కడ వారసత్వం లేదు, వరణం లేదు. రెండు శాస్త్రాలూ ఒకే పదాన్ని వాడుతున్నా చెప్పేది ఒకటి కాదు.

జన్యువుల పాళ్లు మారడమే పరిణామం అన్నాక, ఆ మార్పుకు ప్రకృతి వరణమే కారణం కావాలని లేదు. జపాన్ శాస్త్రవేత్త మొతూ కిమురా 1968లో ఈ సంగతిని సూటిగా ముందుకు తెచ్చాడు. వేర్వేరు క్షీరదాల ప్రోటీన్లను పోల్చి చూస్తే, వంశక్రమంలో సుమారు రెండేళ్లకొకటి చొప్పున జన్యుమార్పులు స్థిరపడుతున్నట్టు ఆయన లెక్క తేలింది. ప్రకృతి వరణం ఒక మార్పును స్థిరపరచడానికి మూడు వందల తరాలు పడుతుందని హాల్డేన్ 1957లో అంచనా వేసి ఉన్నాడు. రెండు లెక్కలూ కలవవు. కాబట్టి అణుస్థాయి మార్పుల్లో ఎక్కువ భాగం జీవికి మేలూ కీడూ చేయనివనీ, కేవలం యాదృచ్ఛికంగా నిలబడ్డవనీ కిమురా తేల్చాడు. మరుసటి ఏడు అమెరికాలో జాక్ కింగ్, థామస్ జూక్స్ ఇదే మాట చెబుతూ తమ వ్యాసానికి 'డార్విన్‌ది కాని పరిణామం' అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టడంతో దుమారం రేగింది. నేడు అణుజీవశాస్త్రంలో తటస్థ మార్పు అన్నది మామూలు లెక్క. ఏ మార్పునైనా ముందు యాదృచ్ఛికం అనుకుని, కాదని తేలితేనే వరణాన్ని తీసుకొస్తారు.

యాదృచ్ఛికం అంటే ఏమిటో తెలుగు నేల నుంచే ఒక ఉదాహరణ ఉంది. శస్త్రచికిత్సకు ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. శరీరంలో ఒక ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లో విరగ్గొడుతుంది. ఆ ఎంజైము పనిచేయని మనిషికి మందు ప్రభావం గంటల తరబడి ఉండి, ఊపిరి కండరాలు కదలవు. ఈ లోపం ఆంధ్ర, తెలంగాణల్లోని వైశ్య సమాజంలో మిగతావారి కంటే చాలా ఎక్కువ. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనం, వందకు పైగా తరాల కిందట కొద్దిమంది పూర్వీకులతో ఈ సమాజం ఏర్పడిందనీ, అప్పటి నుంచీ పెళ్లిళ్లు చాలావరకు లోపలే జరుగుతున్నాయనీ జన్యువుల్లో చదివింది. ఆ కొద్దిమందిలో ఒకరిద్దరి దగ్గర ఉన్న మార్పు తరతరాలకూ పాకింది. అది వారికి మేలు చేసినందుకు కాదు. ఆ మందు అప్పటికి లేదు గనుక కీడూ చేయలేదు. మంచి అయినందుకు పెరగడం, చెడ్డది అయినందుకు తరగడం అన్న లెక్కకు ఇది అందదు. జన్యు విస్థాపనం అంటే ఇదే, ఇదీ పరిణామమే. సంగతి తెలిసిన మత్తు వైద్యులు ముందే విచారించి వేరే మందు ఇస్తారు కాబట్టి, ఈ జ్ఞానం ప్రాణాలు కాపాడేది కూడా.

జన్యు పాళ్ల నిర్వచనం సరిపోదన్నవారు శాస్త్రవేత్తల్లోనే ఉన్నారు. చిమ్మట రంగు లెక్క నుంచి తిమింగలం పుట్టుక దాకా వెళ్లడానికి అదే దారి చాలునా అన్నది వారి ప్రశ్న. 1927లో రష్యా శాస్త్రవేత్త యూరి ఫిలిప్‌చెంకో చిన్న పరిణామం, పెద్ద పరిణామం అని రెండు మాటలు తయారుచేశాడు. రెండూ వేర్వేరు ప్రక్రియలని ఆయన నమ్మకం. ఆయన దగ్గర పనిచేసిన డొబ్‌జాన్‌స్కీయే ఆ మాటలను ఇంగ్లిషులోకి తెచ్చాడు కానీ, చిన్నవి పేరుకుంటేనే పెద్దదని, ప్రస్తుతానికి రెండింటి మధ్య సమానమన్న గుర్తు పెట్టక తప్పదని అన్నాడు. 1972లో నైల్స్ ఎల్‌డ్రెజ్, స్టీఫెన్ జే గూల్డ్ శిలాజాలను చూపి, చాలా జాతులు లక్షల ఏళ్లు పెద్దగా మారకుండా ఉండి, చీలిపోయేటప్పుడు మాత్రం చకచకా మారతాయన్నారు. భూగర్భ శాస్త్రంలో చకచకా అంటే వేల ఏళ్లే. ఈ వాదం డార్విన్ ఓటమి అని పరిణామ వ్యతిరేకులు ప్రచారం చేశారు. చిన్న పరిణామం ఒప్పుకుంటాం, పెద్దది ఒప్పుకోమని ఫిలిప్‌చెంకో మాటలనే అరువు తెచ్చుకున్నారు. ఆయన అడిగింది కారణాల గురించి. వారు కాదన్నది చరిత్రను.

ఈ పదం కోర్టుల దాకా వెళ్లింది. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో పరిణామం బోధించినందుకు 1925లో జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయుడికి వంద డాలర్ల జరిమానా పడింది. సాంకేతిక కారణంతో తర్వాత రద్దయింది. 2002లో జార్జియా రాష్ట్రపు ఒక కౌంటీ, పరిణామం సిద్ధాంతమే తప్ప వాస్తవం కాదని పాఠ్యపుస్తకాలకు చీటీలు అంటించింది. 2005లో న్యాయస్థానం ఆదేశించాక అవి తీసేశారు. అదే ఏడు పెన్సిల్వేనియాలోని డోవర్‌లో, పరిణామానికి ప్రత్యామ్నాయంగా 'తెలివైన రూపకల్పన' వాదాన్ని విద్యార్థులకు పరిచయం చేయాలన్న బడిబోర్డు నిర్ణయాన్ని ఫెడరల్ న్యాయమూర్తి కొట్టేశాడు. ఇలాంటి వ్యాజ్యాల కంటే ఆలోచింపజేసేది అమెరికా జీవశాస్త్ర ఉపాధ్యాయుల సంఘం ఎదుర్కొన్న వివాదం. 1995లో ఆ సంఘం పరిణామాన్ని నిర్వచిస్తూ, అది ఎవరి పర్యవేక్షణా లేనిదనీ, వ్యక్తి ప్రమేయం లేనిదనీ అర్థమిచ్చే రెండు విశేషణాలు చేర్చింది. మత అధ్యయనవేత్త హ్యూస్టన్ స్మిత్, తత్త్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా అభ్యంతరం చెప్పారు. పర్యవేక్షించేవాడు లేడని ఏ ప్రయోగం తేల్చిందన్నది వారి ప్రశ్న. 1997లో సంఘం ఆ రెండు మాటలూ తొలగించింది. ఇది న్యాయమైన పనే. ముందస్తు గమ్యం అవసరం లేకుండానే ప్రక్రియ నడుస్తుందని చెప్పడం శాస్త్రం. దాని వెనక దేవుడు లేడనో ఉన్నాడనో తీర్పు చెప్పడం శాస్త్రం పరిధి దాటడం.

భారతదేశంలో ఈ గొడవ ఆలస్యంగా వచ్చింది. 2018 జనవరిలో అప్పటి కేంద్ర సహాయ మంత్రి సత్యపాల్ సింగ్, వానరం మనిషిగా మారడం ఎవరూ చూడలేదని, డార్విన్ సిద్ధాంతం తప్పని అన్నారు. జాలింగర్ బొమ్మలోని వరసే ఆ మాటల్లోనూ కనిపిస్తుంది. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు ఉమ్మడి ప్రకటనతో ఖండించాయి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో 'అనువంశికత, పరిణామం' అన్న పాఠం 'అనువంశికత'గా మిగిలింది. విద్యార్థుల మీద భారం తగ్గించడానికే చేశామని, 12వ తరగతి జీవశాస్త్రంలో పాఠం ఉందని సంస్థ చెప్పింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు వ్యతిరేకిస్తూ లేఖ రాశారు. పదో తరగతి తర్వాత జీవశాస్త్రం చదవని విద్యార్థి పరిణామాన్ని బొమ్మల్లో, ఆటల్లో మాత్రమే చూస్తాడు. అంటే తప్పుగానే నేర్చుకుంటాడు.

మాటను తప్పించడం వైద్యంలోనూ ఉంది. మందులకు లొంగని బాక్టీరియాల మీద వచ్చిన వ్యాసాలను పోల్చిన ఒక పరిశీలన 2007లో ప్రచురితమైంది. ఆ ప్రక్రియను చెప్పాల్సిన చోట పరిణామ జీవశాస్త్ర పత్రికలు 66 శాతం సార్లు 'ఎవల్యూషన్' అన్నాయి. వైద్య పత్రికలు 3 శాతం లోపే ఆ మాట వాడి, మిగతా చోట్ల 'తలెత్తడం', 'వ్యాపించడం' అన్నాయి. సగం వాడి మానేసిన యాంటీబయాటిక్ కోర్సు తర్వాత జరిగేది పరిణామమేనని రోగికి తెలియకపోవడంలో ఈ పదాల ఎంపికకూ పాలుంది.

పరిణామానికి దారి ఎంతవరకు ముందే నిర్ణయమై ఉంటుందన్న పాత ప్రశ్నకు ప్రయోగశాల నుంచి కొంత వెలుగు వచ్చింది. రిచర్డ్ లెన్‌స్కీ 1988 ఫిబ్రవరిలో ఒకే మూలం నుంచి 12 ఇ. కోలై బాక్టీరియా సమూహాలను వేరుచేసి, ఒకే రకం ఆహారంతో పెంచడం మొదలుపెట్టాడు. పన్నెండూ ఆ పరిసరాల్లో వేగంగా పెరగడం నేర్చాయి. అక్కడ ఒకే దారి. 31,000 తరాలు దాటాక వాటిలో ఒకే ఒక్కటి, ద్రవంలో ఉన్నా అంతవరకు ఏదీ ముట్టని సిట్రేట్‌ను ఆక్సిజన్ సమక్షంలో తినగలిగింది. మిగతా పదకొండుకు అది అబ్బలేదు. కొంత ఊహించదగినది, కొంత ఊహకందనిది.

ఇప్పుడు సాగుతున్న వాదం సంశ్లేషణను విస్తరించాలా వద్దా అన్నది. 2014లో 'నేచర్' పత్రిక ఈ రెండు పక్షాలనూ పక్కపక్కన అచ్చువేసింది. కెవిన్ లాలండ్ బృందం మార్పు కావాలంది. గ్రెగరీ రే, హోపీ హోయెక్‌స్ట్రా బృందం ఉన్న సిద్ధాంతంలోనే అన్నిటికీ చోటుందంది. 2016 నవంబరులో లండన్ రాయల్ సొసైటీ సమావేశంలో ఇదే చర్చ మళ్లీ జరిగింది. విస్తరించాలనేవారు చూపే సంగతుల్లో ఒకటి, జీవులు తమ పరిసరాలను తామే మార్చుకుని, ఆ మారిన పరిసరాలను పిల్లలకు వారసత్వంగా ఇవ్వడం. పాల సంగతి చూస్తే ఇది తెలుస్తుంది. పసితనం దాటాక పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి మనుషుల్లో సాధారణంగా తగ్గిపోతుంది. పశుపోషణ మొదలైన ప్రాంతాల్లో, ఆ శక్తిని పెద్దయ్యాక కూడా నిలిపి ఉంచే జన్యుమార్పు గత కొన్ని వేల ఏళ్లలో వేగంగా పెరిగింది. ఐరోపాలో కనిపించే మార్పే భారతదేశంలోనూ ఉందని, వాయవ్యాన ఎక్కువగా ఉండి దక్షిణానికీ తూర్పుకూ వచ్చేకొద్దీ తగ్గుతుందని 2012లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న అధ్యయనం చూపింది. పశువులను సాకడం మనుషుల నిర్ణయం, తల్లిదండ్రుల నుంచి పిల్లలు నేర్చుకున్న అలవాటు. ఆ అలవాటు జన్యువుల పాళ్లను మార్చింది. కాబట్టి అలవాటును పరిణామానికి కారణాల్లో ఒకటిగా లెక్కించాలని లాలండ్ పక్షం అంటుంది. అది పరిసరాల్లో ఒక భాగం మాత్రమే, కారణం ఎప్పటిలాగే ప్రకృతి వరణమని హోయెక్‌స్ట్రా పక్షం అంటుంది. పాల మీద, జన్యువు మీద, మనుషులు గోవుల వెంట నడిచిన దారి మీద ఇద్దరికీ భేదం లేదు. వారు తేల్చుకోవలసింది 'పరిణామం' అన్న మాట కిందికి ఏమేం రావాలన్నది.